క్వాంటమ్ కంప్యూటింగ్ పరిశోధన: ఏది తేలింది, ఏది తేలలేదు

క్వాంటమ్ కంప్యూటింగ్‌లో పరిశోధక శాస్త్రవేత్త కావాలనుకునేవారు ఇవాళ ఆ రంగంలోని ముగ్గురు పెద్దల సలహా అడిగితే మూడు వేరువేరు దారులు చూపిస్తారు. చేతిలో ఉన్న యంత్రాలతోనే ఏదైనా ఉపయోగం రాబట్టే పని చూడమంటారు ఒకరు. తప్పులు దిద్దుకునే యంత్రం లేకుండా ఉపయోగం మాట ఎత్తడమే తొందరపాటనీ, ముందు ఎర్రర్ కరెక్షన్ సంగతి తేల్చమనీ అంటారు ఇంకొకరు. యంత్రం నేడో రేపో వస్తుంది, వచ్చాక దాని మీద నడపడానికి తగిన లెక్కలు మన దగ్గర ఎన్ని ఉన్నాయని అడుగుతారు మూడోవారు. ముగ్గురి వెనకా గట్టి ఫలితాలే ఉన్నాయి. కంపెనీల ప్రకటనలు, ప్రభుత్వాల పథకాలు, షేర్ మార్కెట్ ఊపు కలిసి ఈ చర్చను బాగా చిక్కుపరిచాయి. వాదాలను కాలక్రమంలో పెట్టి, ఏది ఎంతవరకు రుజువైందో చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. మూడోవారి ప్రశ్నకే అన్నిటికన్నా తక్కువ జవాబు దొరికిందనీ, కొత్తగా వచ్చేవారి అవసరం అక్కడే ఎక్కువనీ ఈ వ్యాసకర్త అభిప్రాయం.

యంత్రం లేని రోజులు

1980లో అమెరికాలో పాల్ బెనియాఫ్, సోవియట్ యూనియన్‌లో యూరి మానిన్ ఎవరికి వారుగా క్వాంటమ్ సూత్రాల మీద నడిచే లెక్కల యంత్రం గురించి రాశారు. 1981లో ఎంఐటీ నిర్వహించిన సమావేశంలో రిచర్డ్ ఫైన్‌మన్ అదే ఆలోచనను భౌతికశాస్త్రం అవసరంగా చెప్పారు. ఒక క్వాంటమ్ వ్యవస్థలో కణం ఒక్కటి పెరిగినప్పుడల్లా మామూలు కంప్యూటర్‌లో దాన్ని వర్ణించే సంఖ్యల పట్టిక కనీసం రెట్టింపవుతుంది. యాభై అరవై కణాలు దాటితే ఆ పట్టికను ఎక్కడా నిల్వచేయలేం. అలాంటప్పుడు క్వాంటమ్ నియమాలనే పాటించే యంత్రంతో ఆ పని చేయించవచ్చు కదా అన్నది ఆయన వాదం. 1985లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన డేవిడ్ డాయిచ్ దీనికి గణిత రూపం ఇచ్చారు.

1994లో బెల్ ల్యాబ్స్‌లో పీటర్ షోర్ పెద్ద సంఖ్యలను కారణాంకాలుగా విడగొట్టే పద్ధతి కనిపెట్టారు. ఆర్‌ఎస్‌ఏ రహస్య లిపి బలమంతా ఆ పని కష్టం కావడం మీదే ఆధారపడి ఉంది కాబట్టి ప్రభుత్వాలు ఒక్కసారిగా ఇటు తిరిగాయి. 1996లో అదే బెల్ ల్యాబ్స్‌లో, ఢిల్లీ ఐఐటీలో చదువుకున్న లవ్ గ్రోవర్ వెతుకులాటను వేగవంతం చేసే పద్ధతి చూపారు. పది లక్షల చోట్ల వెతకాల్సింది సుమారు వెయ్యి అడుగుల్లో తేలుతుంది. అంతకన్నా తగ్గించడం కుదరదని బెనెట్, బెర్న్‌స్టయిన్, బ్రసార్డ్, ఉమేష్ వజీరాని దాదాపు అదే కాలంలో నిరూపించారు. ఈ రెండో ఫలితానికి రావలసినంత ప్రచారం రాలేదు. క్వాంటమ్ కంప్యూటర్ అన్ని జవాబులనూ ఒకేసారి ప్రయత్నించి సరైనదాన్ని ఏరుకుంటుందన్న మాట వార్తల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. అది నిజమైతే ఈ హద్దు ఉండేదే కాదు. తప్పు జవాబుల తరంగాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకునేలా, సరైన జవాబు మిగిలేలా లెక్కను అల్లడమే అసలు విద్య. అలా అల్లడానికి లోపల ఏదో ఒక నిర్మాణం ఉన్న సమస్యలే లొంగుతాయి.

అప్పట్లో పరిశోధన అంటే చాలావరకు కాగితం మీద పని. 2001లో ఐబీఎం బృందం ఏడు క్యూబిట్ల (క్వాంటమ్ బిట్ల) అణు అయస్కాంత అనునాద ప్రయోగంతో 15ను మూడు, ఐదుగా విడగొట్టింది. పద్ధతి పనిచేస్తుందని తెలిసింది. ఆ దారిలో పెద్ద యంత్రం రాదనీ తెలిసింది.

సాధ్యమేనా అన్న వాదం

తొలి సంశయవాదులు బయటివాళ్లు కారు. ఐబీఎంలోనే పనిచేసిన రాల్ఫ్ లాండవర్ 1990లలో ఈ రంగానికి పదేపదే హెచ్చరికలు చేశారు. చిన్న చిన్న తప్పులు పోగుపడి లెక్కను మింగేస్తాయన్నది ఆయన అభ్యంతరం. ఒంటరి ఫోటాన్లను పట్టి పరిశీలించడంలో సిద్ధహస్తుడైన సెర్జ్ అరోష్, సహచరుడు రేమాండ్‌తో కలిసి 1996లో ఇది కలా, పీడకలా అని అడుగుతూ వ్యాసం రాశారు. అరోష్‌కు 2012లో నోబెల్ వచ్చింది. వీళ్ల అనుమానం తెలియక పుట్టింది కాదు, క్వాంటమ్ స్థితి ఎంత పెళుసో ప్రయోగశాలలో స్వయంగా చూసి పుట్టింది.

దీనికి జవాబు సిద్ధాంతం నుంచి వచ్చింది. 1995లో షోర్ తొమ్మిది క్యూబిట్లతో, 1996లో ఆండ్రూ స్టీన్ ఏడు క్యూబిట్లతో ఒక క్యూబిట్ సమాచారాన్ని కాపాడే కోడ్‌లు రాశారు. ఆ వెంటనే ఆహారొనోవ్, బెన్ ఓర్ ఒక జట్టుగా, కితాయెవ్ ఒక్కరే, నిల్, లాఫ్లమ్, జురెక్ ఇంకో జట్టుగా ఒకే రకమైన సిద్ధాంతానికి చేరుకున్నారు. ఒక్కో అడుగులో తప్పు జరిగే అవకాశం ఒక హద్దు కన్నా తక్కువగా ఉంటే, క్యూబిట్లు పెంచుకుంటూ పోయి ఎంత పొడుగు లెక్కనైనా కావలసినంత నమ్మకంగా చేయవచ్చు. హద్దు దాటితే మాత్రం క్యూబిట్లు పెంచినకొద్దీ పరిస్థితి దిగజారుతుంది.

అయినా వాదం ఆగలేదు. 2018లో భౌతిక శాస్త్రవేత్త మిఖాయిల్ ద్యకొనోవ్ ఐట్రిపుల్‌ఈ స్పెక్ట్రమ్ పత్రికలో గట్టి విమర్శ రాశారు. వెయ్యి క్యూబిట్ల స్థితిని వర్ణించే సంఖ్యలు విశ్వంలోని కణాలకన్నా ఎక్కువ, వాటన్నిటినీ అదుపులో పెట్టడం మనిషి తరం కాదన్నారు. కానీ ఆ సంఖ్యలన్నిటినీ ఎవరూ అదుపు చేయనవసరం లేదు. కోడ్ లోపలి కొలతలు, నిరంతరంగా మారే చిన్న తప్పును జరిగింది లేదా జరగలేదు అన్న రెండు మాటల్లోకి దించుతాయి. ద్యకొనోవ్ వాదం ఇక్కడ బలహీనం. జెరూసలేం హీబ్రూ విశ్వవిద్యాలయ గణితవేత్త గిల్ కలాయ్ అభ్యంతరం అలా కొట్టిపారేయదగ్గది కాదు. వేరువేరు క్యూబిట్లలో తప్పులు ఒకదానికొకటి సంబంధం లేకుండా జరుగుతాయని సిద్ధాంతం అనుకుంటుంది, నిజమైన యంత్రంలో అవి కలిసికట్టుగా వస్తాయంటారు ఆయన. దాన్ని ప్రయోగంతో పరీక్షించవచ్చు. గత ఆరేడేళ్ల ప్రయోగాలను ఆ కోణం నుంచి చదివితే చాలా సంగతులు తెలుస్తాయి.

ఆధిక్యం ప్రకటనలు, వాటికి సమాధానాలు

మామూలు కంప్యూటర్‌కు అందని లెక్క ఏదైనా, పనికొచ్చినా రాకపోయినా, క్వాంటమ్ యంత్రం చేసి చూపడం ఒక మైలురాయి అని కాల్టెక్ ప్రొఫెసర్ జాన్ ప్రెస్కిల్ 2012లో అన్నారు. 2019 అక్టోబరులో గూగుల్ ఆ మైలురాయి చేరామని ప్రకటించింది. 53 క్యూబిట్ల సికమోర్ చిప్ 200 సెకన్లలో చేసిన యాదృచ్ఛిక సర్క్యూట్ పనికి సూపర్‌కంప్యూటర్‌కు పదివేల ఏళ్లు పడుతుందన్నది లెక్క. డిస్క్ నిల్వను తెలివిగా వాడితే రెండున్నర రోజులు చాలని ఐబీఎం వెంటనే బదులిచ్చింది. తర్వాత చైనా పరిశోధకులు 512 గ్రాఫిక్స్ ప్రాసెసర్లతో 15 గంటల్లో ఆ పని ముగించారు.

ఈ కథను గూగుల్ ఓటమిగా చెప్పేవారున్నారు. అది సగం చదవడం. ఆ ప్రయోగంలో వచ్చిన ఫలితంలో అసలు సంకేతం సుమారు 0.2 శాతమే, మిగతాదంతా రొద. అయితే ఆ 0.2 శాతం, ఒక్కో గేటు (లెక్కలో ఒక అడుగు) తప్పును విడిగా కొలిచి గుణిస్తే రావలసిన విలువతో సరిపోయింది. 53 క్యూబిట్లను ఒక్కసారి నడిపినా ఊహించని కొత్త తప్పు తలెత్తలేదన్నమాట. పదివేల ఏళ్ల అంచనా కూలిపోయినా ఈ ఫలితం కూలలేదు. కలాయ్ వాదానికి తగిన ప్రయోగాత్మక జవాబులు ఇక్కడి నుంచే మొదలయ్యాయి. ఆయన మాత్రం ఆ ప్రయోగపు గణాంకాలను ప్రశ్నిస్తూనే ఉన్నారు.

2020లో చైనాలోని శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం (యూఎస్‌టీసీ) బృందం కాంతి కణాలతో జియుజాంగ్ యంత్రం కట్టి అలాంటి ప్రకటనే చేసింది. 2023 జూన్‌లో ఐబీఎం ఇంకో మెట్టు ఎక్కబోయింది. 127 క్యూబిట్ల ఈగిల్ చిప్ మీద అయస్కాంత పదార్థ నమూనాను నడిపి, రొదను గణితంతో సవరించి, ఎర్రర్ కరెక్షన్ లేకుండానే ఉపయోగానికి దగ్గరయ్యామంది. కొద్ది వారాల్లోనే న్యూయార్క్‌లోని ఫ్లాటిరాన్ ఇన్‌స్టిట్యూట్ బృందంతో పాటు మరికొందరు అదే లెక్కను మామూలు కంప్యూటర్లతో, ఇంకా కచ్చితంగా చేసి చూపించారు.

ఈ తగువులాటను రెండు రకాలుగా చదువుతున్నారు. ఆధిక్యపు గీత కదులుతున్నా క్వాంటమ్ యంత్రమే ముందుకు పోతోందనేది ఒక పక్షం. ప్రతి ప్రకటననూ ఎవరో ఒకరు వెనక్కి లాగుతున్నారంటే ప్రకటించేవారికి తొందర ఎక్కువైందనేది రెండో పక్షం. యంత్రాల విషయంలో మొదటి పక్షం చెప్పేది సరి, ప్రకటనల భాష విషయంలో రెండోది సరి. ఇద్దరూ మరచిపోయే సంగతి ఒకటుంది. క్వాంటమ్ స్థితిని చిన్న పట్టికల గొలుసుగా రాసే టెన్సర్ నెట్‌వర్క్‌లతో క్వాంటమ్ యంత్రాన్ని ఓడించేవారు కూడా క్వాంటమ్ పరిశోధకులే. ఏ స్థితిలో ఎంత చిక్కుముడి ఉందో, ఎక్కడ దాన్ని సులువుగా వర్ణించవచ్చో చెబుతున్నది వాళ్లే. 2025 అక్టోబరులో గూగుల్ తన విల్లో చిప్‌తో చేసిన ప్రయోగం ఈ ఒత్తిడి తెచ్చిన మార్పే. ఫ్రాంటియర్ సూపర్‌కంప్యూటర్ కన్నా 13,000 రెట్లు వేగమన్న మాట పతాక శీర్షికలకెక్కింది. అసలు విశేషం వేరే ఉంది. సికమోర్ ఇచ్చింది యాదృచ్ఛిక అంకెల వరస. ఇప్పుడు వచ్చింది ఇంకో క్వాంటమ్ యంత్రం మీద మళ్లీ నడిపి సరిపోల్చుకోగల ఒక కొలత.

తప్పులు దిద్దుకోవడం

2018లో ప్రెస్కిల్ అప్పటి యంత్రాలకు నిస్క్ అని పేరుపెట్టారు. యాభై నుంచి కొన్ని వందల క్యూబిట్లున్నా రొద దిద్దుకోలేని మధ్యకాలపు యంత్రాలివి. ఆ కాలంలో చాలామంది క్వాంటమ్ చిప్‌నూ మామూలు కంప్యూటర్‌నూ జతకట్టి విలువలను సర్దుకుంటూ పోయే పద్ధతుల మీద పనిచేశారు. అయితే క్యూబిట్లు పెరిగినకొద్దీ ఎటు జరగాలో చెప్పే వాలు దాదాపు మాయమైపోతుందని 2018లోనే గూగుల్ పరిశోధకులు చూపారు. ఆ తర్వాత ఆ దారి మీద ఆశ బాగా తగ్గింది. ఎన్నో పీహెచ్‌డీలు ఆ దారిలోనే సాగాయి. ఆ శ్రమ వల్ల రొదను కొలవడం, సవరించడం గురించి చాలా తెలిసింది. రావలసిన ఉపయోగం మాత్రం రాలేదు.

2024 డిసెంబరులో గూగుల్ విల్లో ఫలితాలు వచ్చాక పరిస్థితి మారింది. 105 క్యూబిట్ల ఆ చిప్ మీద సర్ఫేస్ కోడ్ అనే ఎర్రర్ కరెక్షన్ కోడ్ పరిమాణాన్ని మూడు నుంచి ఐదుకు, ఐదు నుంచి ఏడుకు పెంచినప్పుడల్లా తార్కిక క్యూబిట్ (అనేక భౌతిక క్యూబిట్లు కలిసి కాపాడే ఒక క్యూబిట్) తప్పుల రేటు సగానికి పైగా తగ్గింది. కాపాడిన క్యూబిట్ అందులోని అత్యుత్తమ భౌతిక క్యూబిట్‌కన్నా రెండు రెట్లకు పైగా ఎక్కువ కాలం నిలిచింది. 1990ల సిద్ధాంతం చెప్పిన హద్దుకు దిగువన యంత్రం నడిచిందన్నమాట. పాతికేళ్ల చర్చలో ఇంత స్పష్టంగా తేలిన సంగతి ఇంకొకటి లేదు. అంతకు ఏడాది ముందు హార్వర్డ్‌లో మిఖాయిల్ లుకిన్ బృందం తటస్థ పరమాణువులతో 48 తార్కిక క్యూబిట్లను నడిపింది.

అదే విల్లో పేపర్లో ఇంకో అంకె ఉంది, దాన్ని గుర్తుంచుకోవాలి. సరళమైన రెపిటిషన్ కోడ్‌తో పరీక్షించినప్పుడు, గంటకోసారి ఒక పెద్ద తప్పు అనేక క్యూబిట్లను ఒకేసారి కుదిపింది. కలాయ్ చెప్పినంత తరచుగా కాదు గానీ, కలిసికట్టు తప్పులు ఉన్నాయి. రోజుల తరబడి నడవాల్సిన లెక్కకు గంటకో కుదుపు సామాన్యం కాదు. దాని మూలం వెతకడం ఇవాళ్టి పరిశోధక శాస్త్రవేత్తకు మంచి పని.

రోజువారీ పని స్వభావం కూడా ఇక్కడే మారిపోయింది. సంపూర్ణ శూన్య ఉష్ణోగ్రతకు డిగ్రీలో వందో వంతు దూరంలో చిప్‌ను ఉంచే శీతల యంత్రాలు, పూటపూటకూ మారే క్యూబిట్ లక్షణాలను సరిదిద్దే కాలిబ్రేషన్, చిప్ తయారీలో సూక్ష్మ లోపాలు, మైక్రోసెకనుకోసారి వచ్చే కొలతలను చదివి తప్పు ఎక్కడో చెప్పే డీకోడర్ సాఫ్ట్‌వేర్, ఇవన్నీ వేరువేరు వృత్తులయ్యాయి. ఒక్క పేపర్ మీద వందల పేర్లు ఉండడానికి కారణం ఇదే. 2024లో ఐబీఎం బృందం 288 భౌతిక క్యూబిట్లతో 12 తార్కిక క్యూబిట్లను కాపాడే కొత్త కోడ్ చూపింది. సర్ఫేస్ కోడ్‌కు అదే పనికి మూడు వేల దాకా కావాలి. కోడ్ రాసే గణితవేత్త కాగితం మీద పదింతలు ఆదా చేశారు. అందుకు దూరదూరంగా ఉన్న క్యూబిట్లను కలిపే తీగలు వేసే భారం చిప్ ఇంజినీర్ మీద పడింది.

ఏ క్యూబిట్?

దీనిపై వాదం ఎక్కువ, తేలింది తక్కువ. అతివాహక సర్క్యూట్లు వేగంగా నడుస్తాయి, ఒక్కో గేటుకు నానోసెకన్లు చాలు. పక్క క్యూబిట్లతోనే మాట్లాడగలగడం, ప్రతి క్యూబిట్‌కూ తీగలు కావడం వాటి ఇబ్బంది. అయాన్లు చాలా కచ్చితమైనవి, ఏదైనా దేనితోనైనా కలుస్తుంది, కానీ వేగం వందల రెట్లు తక్కువ. తటస్థ పరమాణువులను వేల సంఖ్యలో లేజర్లతో పట్టి కదిలించవచ్చు, కొలవడమే ఆలస్యం. కాంతి, సిలికాన్ స్పిన్ దారులకు ఫ్యాక్టరీ తయారీ అండ ఉంది, ప్రదర్శనలు ఇంకా వెనకబడి ఉన్నాయి. క్లార్క్, డెవొరే, మార్టినిస్‌లకు 2025 నోబెల్ రావడంతో అతివాహక మార్గానికి గౌరవం పెరిగింది. ఆ బహుమతి 1980ల మౌలిక ప్రయోగాలకు ఇచ్చింది, పందెంలో గెలుపు తీర్పు కాదు.

మైక్రోసాఫ్ట్ ఎంచుకున్న మయోరానా దారి ప్రత్యేకం, మయోరానా అనే ప్రత్యేక క్వాంటమ్ స్థితుల్లో సమాచారాన్ని దాచి రొద నుంచి కాపాడాలన్నది దాని ఆలోచన. ఆ కంపెనీ తోడ్పాటుతో డెల్ఫ్ట్‌లో చేసిన పని 2018లో నేచర్‌లో అచ్చయి, డేటా విశ్లేషణ లోపాల వల్ల 2021లో ఉపసంహరణకు గురైంది. 2025 ఫిబ్రవరిలో ఆ కంపెనీ మయోరానా 1 చిప్‌ను గొప్పగా ప్రకటించింది. అదే రోజు వచ్చిన నేచర్ పేపర్‌తో పాటు సంపాదకులు ఉంచిన సమీక్షా పత్రం మాత్రం, ఆ ఫలితాలు మయోరానా స్థితులు ఉన్నాయనడానికి సాక్ష్యం కావని స్పష్టంగా చెప్పింది. కంపెనీ ప్రకటన ఒకటి, పేపర్ ఇంకొకటి చెప్పడం ఈ రంగానికి మంచిది కాదు. అతిపెద్ద యంత్రాలు కంపెనీల చేతుల్లోనే ఉన్నప్పుడు ముడి డేటా బయటపెట్టడం ఒక్కటే విశ్వవిద్యాలయాల్లోని పరిశోధకులకు వాటిని సరిచూసే మార్గం.

దేన్ని లెక్కకట్టాలి?

అసలైన ఖాళీ ఇక్కడుంది. షోర్ పద్ధతి వచ్చి ముప్పై ఏళ్లు దాటినా ఆ స్థాయి లాభం ఖాయంగా ఉన్న కొత్త లెక్కలు అతి కొద్దిగానే దొరికాయి.

2016లో ఇయోర్డానిస్ కెరెనిడిస్, అనుపమ్ ప్రకాశ్ సినిమాలు, వస్తువులు సిఫారసు చేసే క్వాంటమ్ పద్ధతి రాశారు. అప్పటికి తెలిసిన మామూలు పద్ధతులకన్నా అది ఊహకందనంత వేగం. మామూలు కంప్యూటర్‌కు అది అసాధ్యమని నిరూపించే పనిని టెక్సస్‌లో స్కాట్ ఆరన్సన్ తన విద్యార్థిని యెవిన్ టాంగ్‌కు ఇచ్చారు. ఆమె ఆ నిరూపణ కోసం వెతుకుతూ, మామూలు కంప్యూటర్‌కే దాదాపు అంత వేగవంతమైన పద్ధతిని 2018లో కనిపెట్టారు. అప్పటికి ఆమె వయసు పద్దెనిమిది. క్వాంటమ్ మెషిన్ లెర్నింగ్ పేరిట వచ్చిన ఎన్నో ఆశలు ఆ తర్వాత అదే దారిన సన్నగిల్లాయి. పరిశోధక శాస్త్రవేత్త పనికి దీన్ని మించిన ఉదాహరణ చూపడం కష్టం.

రసాయనశాస్త్రం మీద ఆశ ఎక్కువ. పెసర, మినుము, వేరుశనగ వేళ్ల బుడిపెల్లో ఉండే బాక్టీరియా మామూలు వేడిలోనే గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మారుస్తుంది. ఎరువుల ఫ్యాక్టరీలకు అదే పనికి విపరీతమైన వేడి, పీడనం కావాలి. ఆ బాక్టీరియా ఎంజైములోని ఇనుము, మాలిబ్డినం గుచ్ఛాన్ని లెక్కకట్టడం క్వాంటమ్ కంప్యూటర్ తొలి మేలు అవుతుందని చాలా ఏళ్లుగా చెబుతున్నారు. 2023లో కాల్టెక్‌కు చెందిన గార్నెట్ చాన్, మరికొందరు కలిసి, అణువుల కనిష్ఠ శక్తి లెక్కల్లో ఘాతాంక స్థాయి లాభం ఉంటుందనడానికి సాధారణమైన ఆధారం ఇంకా దొరకలేదని తేల్చారు. లాభం ఉండవచ్చు, కానీ ఎంతన్నది తెరిచి ఉన్న ప్రశ్న. పైగా ఆ శక్తి విలువ తెలిసినంత మాత్రాన కొత్త ఉత్ప్రేరకం చేతికి రాదు. గ్రోవర్ తరహా వర్గమూలపు లాభం ఎర్రర్ కరెక్షన్ ఖర్చులోనే కరిగిపోతుందని 2021లో గూగుల్ పరిశోధకులే రాశారు. బ్యాంకులకు, రవాణా సంస్థలకు చెప్పే ఆప్టిమైజేషన్ కబుర్లలో చాలావాటికి ఈ అభ్యంతరం వర్తిస్తుంది.

లాభం గురించి అనుమానం లేని లెక్క కారణాంకాలదే. 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏను ఛేదించడానికి రెండు కోట్ల క్యూబిట్లు, ఎనిమిది గంటలు కావాలని 2019లో క్రెయిగ్ గిడ్నీ, మార్టిన్ ఎకెరో అంచనా వేశారు. 2025 మేలో గిడ్నీయే పది లక్షల లోపు క్యూబిట్లతో వారం లోపు కుదురుతుందని చూపారు. యంత్రం మారలేదు, పద్ధతి మారింది. ఇరవై రెట్ల ఆదా ఆలోచనతోనే వచ్చింది. ఇటువైపు అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో క్వాంటమ్ దాడిని తట్టుకునే మూడు రహస్య లిపి ప్రమాణాలు విడుదల చేసింది. ప్రపంచం సకాలంలో వాటికి మారితే, ఖాయమైన ఆ ఒక్క లెక్కకూ యంత్రం వచ్చేనాటికి పెద్దగా పని ఉండదు. అప్పుడు మిగిలేది ఫైన్‌మన్ చెప్పిన పని, అంటే పదార్థాలను, అణువులను అనుకరించడం. అందులోనూ కాలంతో మారే గతిని అనుసరించే లెక్కల్లో ఆశ గట్టిగా ఉంది. మామూలు కంప్యూటర్ ఎక్కువగా తడబడేది అక్కడే.

మన దగ్గర

కేంద్ర ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో 6,003.65 కోట్ల రూపాయలతో జాతీయ క్వాంటమ్ మిషన్‌ను ఆమోదించింది. ఎనిమిదేళ్లలో 50 నుంచి 1000 భౌతిక క్యూబిట్ల యంత్రాలు కట్టాలన్నది అందులో ఒక లక్ష్యం. కంప్యూటింగ్ కేంద్రం బెంగళూరు ఐఐఎస్‌సీలో ఉంది. 2024 ఆగస్టులో డీఆర్‌డీఓ, ముంబయి టీఐఎఫ్‌ఆర్ కలిసి ఆరు క్యూబిట్ల అతివాహక ప్రాసెసర్‌ను పూర్తిగా పరీక్షించాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో అమరావతి క్వాంటమ్ వ్యాలీని ప్రకటించింది. ఐబీఎం, టీసీఎస్‌లతో ఒప్పందం ప్రకారం 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్ ఉన్న యంత్రాన్ని అక్కడ పెట్టాలన్నది ప్రణాళిక.

యంత్రం కొనుక్కోవడమా, కట్టడం నేర్చుకోవడమా అన్న వాదన ఇక్కడ మొదలైంది. దూరంనుంచి క్లౌడ్ ద్వారా వాడగలిగే యంత్రాన్ని ఊళ్లో పెట్టుకుంటే ఏం లాభమని అడిగేవారికి సమాధానం ఉండాలి. శీతల యంత్రాలు, మైక్రోవేవ్ ఎలక్ట్రానిక్స్ నడిపే మనుషులు అక్కడ తయారైతే లాభమే. అద్దం వెనక పెట్టి సందర్శకులకు చూపిస్తే తక్కువ. ఆరు క్యూబిట్లే అయినా చిప్ సొంతంగా చేసుకునే ల్యాబ్‌లో ఒక విద్యార్థి నేర్చుకునే విద్యకు 156 క్యూబిట్లను అద్దెకు వాడే విద్య సాటిరాదు. రెండోది చవక కాబట్టి ఎక్కువమందికి అందుతుంది. రెండూ కావాలి, కానీ ఒకటి రెండోదాని బదులు కాదు.

156 క్యూబిట్లు, దిద్దుకోని రొద. సరిగ్గా ఈ కొలత యంత్రాల మీదే ఆధిక్యం ప్రకటనలు, వాటి ఖండనలు నడుస్తున్నాయి. ఆ ఖండనల పనికి శీతల యంత్రం అక్కర్లేదు. టెన్సర్ నెట్‌వర్క్ గణితం తెలిసిన నలుగురు, కొన్ని గ్రాఫిక్స్ ప్రాసెసర్లు ఉంటే వరంగల్‌లోనో విశాఖలోనో హైదరాబాద్‌లోనో చేయవచ్చు. అమరావతి యంత్రం మీద నడిపే ప్రతి లెక్కకూ ఎదురుగా అలాంటి జట్టు ఒకటి కూర్చోవాలి. ఏ లెక్క నడిపారో, ఫలితంలో తప్పు ఎంతో, అదే లెక్కకు మామూలు కంప్యూటర్ ఎంతసేపు తీసుకుందో, మూడింటినీ ముడి డేటాతో సహా మొదటి ఏడాది నుంచే ప్రచురించాలి.